జల్లెడలు ఎత్తుకుపోయే మామ

మొన్న పొద్దున మా కోడలు వంటింట్లో గోధుమపిండి జల్లిస్తోంది. మంచినీళ్ళ కోసమని లోపలికి పోయాను. జల్లెడలో మిగిలిన పొట్టును ఆమె చెత్తబుట్టలో వేయబోతుంటే, "పారేయొద్దమ్మా, పేగుకు పని కావాల" అనేశాను. అన్న తరువాత నాకే ఆశ్చర్యం వేసింది. ఎన్నో ఏళ్ళుగా నా నోట పలకని మాట అది. మా కోడలిది గుంటూరు. "ఏ పేగుకు మామయ్యా?" అని నవ్వుతూ అడిగింది. పొద్దున్నే పందిపేగు సంగతి ఎత్తితే ఇంట్లో ఇడ్లీలు మిగిలిపోతాయని భయపడి, "ఊరికే అన్నాలేమ్మా" అని నీళ్ళు తాగి వచ్చేశాను. ఆ మాట నాకు నేర్పిన మనిషి మాత్రం ఆ రోజంతా నన్ను వదల్లేదు. పేపరు చదువుతుంటే పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే సైకిలు గంట కొట్టాడు. ఇంతగా వచ్చిన మనిషిని కూర్చోబెట్టి నాలుగు మాటలు రాస్తే పోతుంది కదా అని ఈ కాగితాలు ముందేసుకున్నాను.

ఆయన పేరు రాయను. ఆయన మనవలు ఎక్కడున్నారో ఏమో, "మా తాత పందుల డాక్టరా?" అని నొచ్చుకుంటే బాగుండదు. ఆయనైతే పందులన్నందుకు నొచ్చుకునేవాడు కాదు, డాక్టరన్నందుకు నొచ్చుకునేవాడు. "డాక్టరు మార్కాపురంలో ఉన్నాడు నాయనా, నేను కాంపౌండర్ను" అని ఎదుటివాడు ఎంత తొందరలో ఉన్నా సరే, ఆపి దిద్దేవాడు. ఎద్దు కడుపుబ్బి పడిపోయిందని పరిగెత్తుకొచ్చిన రైతును కూడా ముందు ఇట్లా దిద్ది, ఆ తరువాతే సైకిలెక్కేవాడు.

అవి రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులు. మా తాలూకాలు అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. బ్లాకు ఆఫీసులు తెరిచి, నావంటి వాళ్ళకు గ్రామసేవకులని పేరుపెట్టి పల్లెల మీదికి తోలారు. నాకు పెద్దారవీడు వైపు, నల్లమల కింది పల్లెలు అప్పజెప్పారు. ఆఫీసు పక్కనే రెండు గదుల పశువుల ఆసుపత్రి ఉండేది. డాక్టరు నెలకొకసారి మార్కాపురం నుంచి వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. మిగిలిన రోజులన్నీ కాంపౌండరే. కంభం సాయిబుల కుటుంబం ఆయనది. నలభై దాటిన వయసు, పొట్టి మనిషి, ఒక కాడ విరిగితే దారంతో చెవికి చుట్టుకున్న కళ్ళద్దాలు. మొదటి రోజు నేను "అన్నా" అనబోతే, "అన్న వద్దు, మామా అను. అల్లుడితో అయితే ఎంత పరాచికమైనా ఆడొచ్చు" అని వరస ఆయనే కలిపేసుకున్నాడు.

ఆయన సైకిలు వెనక ఒక రేకుపెట్టె కట్టి ఉండేది. అందులో మందులుంటాయని ఊళ్ళవాళ్ళ నమ్మకం. నిజానికి అందులో ఉండేవి ఒక జత బట్టలు, ఒక సబ్బుబిళ్ళ. పందులున్న గుడిసెలకు పోవాల్సి వస్తే ఆ పాతబట్టలు వేసుకుని పోయి, తిరిగొస్తూ దారిలో ఏదో ఒక బావి దగ్గర తలస్నానం చేసి, మంచి బట్టలు కట్టుకుని ఇల్లు చేరేవాడు. ఊళ్ళో కొందరు ఎగతాళి చేసేవాళ్ళు. నేనూ ఒకసారి ఉండబట్టలేక, "సాయిబువై ఉండి పందుల్ని ఎట్ల ముట్టుకుంటావు మామా?" అని అడిగాను.

"తినద్దన్నారు అల్లుడా" అన్నాడు సబ్బు రుద్దుకుంటూ. "బతికించద్దని ఎవరన్నా అన్నారా?"

చేదవేసి ఇంకో రెండు బొక్కెనలు తోడి ఆయన నెత్తిన పోశాను.

మందులు ఆయన దగ్గర నిజంగానే తక్కువ. సర్కారు పంపే సీసాలు నెలలో మొదటి వారంలోనే అయిపోయేవి. ఆయన వైద్యమంతా పేడ మీద, పెంటిక మీద నడిచేది. ఏ ఇంటికి పోయినా జబ్బుపడిన జీవం మొహం చూసేవాడు కాదు. నేరుగా దాని వెనక్కి పోయి, కళ్ళద్దాలు నొసటి మీదికి నెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలోని కానుగపుల్లతో కెలికి చూసేవాడు. "ఇది పేగు రాసిన కార్డు అల్లుడా. చదివేది నేర్చుకోవాల" అనేవాడు. చదవడం కూడా మామూలుగా చదివేవాడు కాదు. "నిన్న మధ్యాహ్నం ఎవరింట్లోనో పప్పు మేసింది," "నీళ్ళు తాగి రెండు రోజులైంది," "దీనికి భయమైంది, కుక్క తరిమినట్లుంది" అని చెబుతుంటే రైతులు నోరు తెరిచి చూసేవాళ్ళు. సగం నిజమయ్యేది. మిగతా సగం సంగతి ఆయనా ఎత్తేవాడు కాదు, మేమూ ఎత్తేవాళ్ళం కాదు.

ఈ అలవాటు పశువులతో ఆగితే బాగుండేది. మనుషుల్ని కూడా అదే అడిగేవాడు. బాగున్నావా, పిల్లలు బాగున్నారా అని అందరూ అడిగే చోట ఈయన "పొద్దున పని సజావుగా అయిందా?" అని అడిగేవాడు. ఒక పెళ్ళిలో ఆడపెళ్ళివారి పెద్దమనిషి మొహం మాడ్చుకుని కూర్చుంటే, ఈయన పోయి పక్కన కూర్చుని చెవిలో అదే అడిగాడు. అంతా ఏమవుతుందోనని చూస్తున్నాం. ఆ పెద్దాయన కాసేపు గుర్రుగా చూసి, "నాలుగు రోజులాయ సాయిబూ" అన్నాడు గొంతు తగ్గించి. ఈయన లేచి పోయి వంటలవాళ్ళ దగ్గర జొన్నరొట్టెలు, గోంగూర అడిగి తెచ్చి ఆయన ముందు పెట్టాడు. పెళ్ళి మూడోనాడు ఆ పెద్దమనిషి తన బండిలోనే ఈయన్ను ఇంటికి చేర్చాడు.

ఇక జల్లెడల సంగతి. తల్లి చచ్చిపోయిన దూడ, పాలు మాన్పించిన పిల్లజీవం ఏ ఇంట్లో ఉందన్నా ఈయన వంటింటి గడప దగ్గర నిలబడి "జల్లెడ ఒకసారి ఇట్ల తేమ్మా" అనేవాడు. ఎందుకోనని ఆ ఇల్లాలు తెచ్చి ఇచ్చేది. దాన్ని సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని వచ్చేసేవాడు. "ఎనిమిది రోజులైనాక తెచ్చిస్తా. అంతదాకా పిండి జల్లించకుండా కాచి పోయండి" అని దారిలోంచి కేక వేసేవాడు. పసిదని, నీరసంగా ఉందని జాలిపడి, తవుడంతా తీసేసి మెత్తని పిండి గంజి కాచి పోస్తారు ఆడవాళ్ళు. ప్రేమ కొద్దీ చేసే పనే. ఈయన ఒప్పుకునేవాడు కాదు. "పాలు మానిన పేగుకు పని కావాల. పొట్టు ఉంటే దాన్ని అటు తోసి ఇటు తోసి పేగు నేర్చుకుంటుంది. ఉత్త మెత్తటిది పెడితే అది కడుపులో కూర్చుని పులుస్తుంది" అనేవాడు. చెబితే వినరని, జల్లెడే లేకుండా చేయడం ఆయన పద్ధతి. ఒక్కో రోజు మూడు నాలుగు జల్లెడలు హ్యాండిలుకు వేలాడుతుంటే సైకిలు మీద వచ్చేవాడు. అర్ధవీడు సంతలో ఒకామె ఆపి "జల్లెడ ఎంత?" అని బేరం కూడా ఆడిందట. ఈయన కూడా తగ్గకుండా, "అమ్మేది కాదు తల్లీ, ఇవన్నీ నేను ఎత్తుకొచ్చినవి" అన్నాడట.

అట్లాంటి మనిషి సరిగ్గా కావలసిన పదిరోజులు ఊళ్ళో లేకపోయాడు. గిద్దలూరులో చెల్లెలి ఇంట్లో పెళ్ళి. అప్పుడే వచ్చాయి సీమపందులు.

కోస్తాలోని సర్కారు క్షేత్రం నుంచి ఆరు మేలుజాతి తెల్ల పందిపిల్లలను రైల్లో గంపలకెత్తి పంపారు. రెండు నెలల పిల్లలు, తల్లి పాలు అప్పుడే మాన్పించినవి. చెవుల మీద నంబర్లు. వాటిని పందులు మేపే కుటుంబానికి ఇవ్వాలని ఆర్డరు. నా పల్లెల్లో అట్లాంటి ఇల్లు ఒక్కటే. ఎరుకల అంకమ్మది. ఆమె, మొగుడు, కొడుకు. ఈతాకు బుట్టలు, చాటలు అల్లుతూ నాలుగు నల్లపందుల్ని మేపుకునేవాళ్ళు.

అంకమ్మ పేరు చెప్పగానే ఆ ఊరి మునసబు ఒంటికాలి మీద లేచాడు. తెల్లదొరల కాలంలో ఆ కులంవాళ్ళందరినీ దొంగలని చట్టంలోనే రాసిపెట్టారు. అంకమ్మ మొగుడి తండ్రి బతికున్నన్నాళ్ళూ రోజూ మునసబు గుమ్మం ముందు నిలబడి హాజరు వేయించుకోవాల్సి వచ్చేది. ఆ చట్టం పోయింది, మన రాజ్యం వచ్చింది. అయినా ఊళ్ళో కోడి కనపడకపోతే అందరూ మొదట పోయేది ఆ గుడిసెకే.

"వాళ్ళకిస్తే నెలరోజుల్లో కోసుకుని తింటారు. లేదంటే అమ్ముకుంటారు. రాసిపెట్టుకో" అన్నాడు మునసబు. నాకు కోపం తొందర. "ఒక్కటి తగ్గినా నా పేరు మార్చుకుంటా" అని ఆ అరుగు మీదే సవాలు చేసి, పిల్లల్ని తీసుకుపోయి అంకమ్మకు ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు ఆమెతో నేను అన్న మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. "ఇవి మీ నల్లపందుల మాదిరి కాదు. సుకుమారం. మంచి తిండి పెట్టాలి. ఒక్కటి పోయినా ఊరు ఏమంటుందో నీకు తెలుసు." బాధ్యతగా మాట్లాడుతున్నాననుకున్నాను. ఆమె తల ఊపింది. మంచి తిండి అంటే ఏమిటని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా మెట్ట దేశంలో మంచి తిండి అంటే ఒకటే. వరిబువ్వ. జొన్నలు, కొర్రలు, సజ్జలు తిని బతికే ఊళ్ళు మావి. వరిబువ్వ పండగకో, కొత్తల్లుడికో, మంచాన పడినవాళ్ళకో. అంకమ్మ మొగుడు అల్లిన బుట్టలన్నీ కట్టకట్టి కంభం పోయి, చెరువు కింది రైతులకిచ్చి బదులు బియ్యం తెచ్చాడు. ఆ ఇంట్లోవాళ్ళు కొర్రగంజి తాగుతూ, పందిపిల్లలకు మెత్తగా వండిన వరిబువ్వ, రెండుసార్లు జల్లించిన జొన్నపిండి గంజి, పైన కాస్త బెల్లం పెట్టారు. పక్కనే నల్లపందులు చిట్టూ తవుడూ తిని గుండ్రాళ్ళలా తిరుగుతున్నాయి. తెల్లపిల్లలకు నాలుగో రోజున నీళ్ళలా పారుకోవడం మొదలైంది. నీరసంగా ఉన్నాయని ఆమె ఇంకాస్త బియ్యం పెంచింది. ఎనిమిదో రోజు తెల్లవారేసరికి ఒకటి చచ్చిపోయింది.

అదృష్టం ఏమిటంటే ముందు రోజే మామ పెళ్ళి నుంచి తిరిగొచ్చాడు. పొద్దున్నే మేమిద్దరం ఆసుపత్రి ముందు పళ్ళు తోముకుంటుంటే అంకమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. మీద గోనెపట్టా కప్పి ఉంది. దించి, పట్టా తీసింది. ఏడవడం లేదు.

"మా ఆయన పూడ్చేద్దామన్నాడు సాయిబయ్యా. నా కొడుకు కొండ దాటి పోదాం పదండి అన్నాడు. నేను తీసుకొచ్చినా. దీన్ని మేం తినేసినామని ఊరంటే ఇంక ఈడ బతకలేం. మీరు చూసినామని చెప్పండి చాలు."

నాకు మునసబు అరుగు మీద చేసిన సవాలు గుర్తొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మొదట నా పేరే గుర్తొచ్చింది. ఆమె సంగతి ఆ తరువాత.

మామ కానుగపుల్ల ఉమ్మేసి, పిల్ల చెవి తిప్పి నంబరు చూశాడు. "అక్కా, దీన్ని మళ్ళీ ఇంటికి తీసుకుపో" అన్నాడు. ఆ తాలూకాలో ఆమెను అక్కా అని పిలిచిన బయటి మనిషి ఆయనొక్కడే. "ఈడ నేను చూస్తే ఏం లాభం? నీ గుడిసె ముందరే కోస్తా. అల్లుడా, నువ్వు పోయి మునసబును పిల్చుకురా. ఏమీ చెప్పద్దు. ఒకటి తగ్గిందని మాత్రం చెప్పు."

మునసబు ఆ మాట కోసమే కాచుకున్నట్టు వచ్చాడు. తలపాగా కూడా చుట్టుకుని వచ్చాడు. ఆయన వెనక సగం ఊరు. గుడిసె ముందు మామ పాతబట్టలు వేసుకుని, నడుముకు గోనెసంచి కట్టుకుని, గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"చెప్పినానా లేదా?" అన్నాడు మునసబు నాతో.

"చెప్పినారయ్యా" అన్నాడు మామ. "అందుకే మిమ్మల్ని పిలిపించినా. ముందు లెక్క పెట్టండి. ఆడ ఐదు. ఈడ ఒకటి. చెవి మీద నంబరు చూడండి. చూసినారా? ఇంక ముక్కు మూసుకోండి."

పోస్టుమార్టం చేసే అధికారం డాక్టరుది. కాంపౌండర్ది కాదు. డాక్టరుకు కబురు పంపితే వచ్చేసరికి మూడు రోజులవుతుంది, ఈలోపు ఊళ్ళో కథ వంద వంకర్లు పోతుంది. అది ఆయనకు తెలుసు. ఒక్క గీతతో కడుపు తెరిచాడు. మునసబు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. మామ చేత్తో పిలిచాడు. "దగ్గరికి రండయ్యా. మీరే చూడాల."

మునసబు వంగి చూశాడు. "ఏందిది తెల్లగా?"

"బువ్వ" అన్నాడు మామ. "వరిబువ్వ. పెట్టింది పెట్టినట్లే ఉంది. అరగలే. కిందంతా నీళ్ళు, పేగు తడిసిన కాగితం మాదిరి అయింది."

"ఈళ్ళకు బియ్యం యాడివి?" అన్నాడు మునసబు వెంటనే. అలవాటు అట్లాంటిది. జనంలోంచి కూడా అదే గుసగుస లేచింది. అంకమ్మ మొగుడు తల వంచుకుని, "కంభంలో బుట్టలిచ్చి తెచ్చుకున్నా" అన్నాడు. ఆ మాట అతని నోటితో చెబితే ఎవరూ నమ్మరని నాకు తెలుసు. అతనికీ తెలుసు. మునసబు గొంతు సవరించుకుని, "మొన్న బుట్టల మోపుతో కంభం బస్సెక్కుతుంటే నేను చూసినాలే" అన్నాడు, ఇష్టం లేకుండానే.

మామ లేచి గుడిసెలోకి తొంగిచూసి, "అక్కా, మీ కుండ తీసుకురా" అన్నాడు. అంకమ్మ కుండ తెచ్చింది. అడుగున ఇంత కొర్రగంజి. దాన్ని తెరిచిన ఆ పంది కడుపు పక్కన పెట్టాడు. మునసబు కుండలోకి చూశాడు, కడుపులోకి చూశాడు, మళ్ళీ కుండలోకి చూశాడు. కండువా ముక్కు మీది నుంచి ఎప్పుడు జారిందో ఆయన గమనించలేదు.

"రాయి అల్లుడా, పంచనామా" అన్నాడు మామ. దొంగతనాలకూ చావులకూ తప్ప పంచనామా రాయడం ఆ ఊరెరగదు. "పందికి పంచనామా ఏంది?" అన్నాడు మునసబు. "పంది కడుపులో బువ్వకయ్యా" అన్నాడు ఈయన. నేను రాశాను. ఆరు పిల్లలకు ఐదు బతికి ఉన్నవి, ఒకటి అజీర్ణం వల్ల చచ్చినది, దాని కడుపులో వరి అన్నం కనబడినది, ఆ ఇంటి కుండలో కొర్రగంజి కనబడినది. మునసబు చదివించుకుని, కలం తీసుకుని సంతకం చేశాడు. జనం ఇళ్ళకు పోయారు.

అప్పుడు ఏడ్చింది అంకమ్మ. మామ ఆమె జల్లెడ తీసి సైకిలుకు తగిలించుకుని, ఏడుపు ఆగేదాకా ఆగి, మిగతా ఐదింటికి తవుడు కలిపి పెట్టమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"తవుడా? సర్కారు బిడ్డలకు తవుడు పెట్టి చంపినారంటారు సాయిబయ్యా. ఎంత దూరం నుంచో మా ఇంటికి వచ్చినాయి. వచ్చినోళ్ళకు మేం తినేది పెడతామా?"

మామ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. పేగుకు పని కావాలన్న ఆయన పాఠం ఇక్కడ పనికిరాదని ఆయనకు తెలిసిపోయింది.

"అక్కా, మీ ఇంటికి చుట్టమొస్తే ఏం పెడతావు?"

"ఉంటే బియ్యం."

"నీ కొడుక్కి?"

"ఇంట్లో ఉండేది."

"ఎవరు బాగా పెరిగినారు?"

ఆమె కొడుకు వైపు చూసింది. దుక్కలా ఉన్నాడు వాడు.

"వీటిని నువ్వింకా చుట్టాల మాదిరి చూస్తన్నావు. చుట్టం నాలుగు రోజులుండి పోతాడు. ఇవి యాడికీ పోవు. ఇంటి బిడ్డలనుకో. మీరు తినేది పెట్టు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఎంత పెట్టాల?" అని అడిగింది.

జల్లించని జొన్నపిండికి గుప్పెడు తవుడు, చిటికెడు ఉప్పు, బాగా ఉడికించి, రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం. మిగిల్తే తీసేయాలి. పక్కన ఎప్పుడూ మంచినీళ్ళు. ఆమెకు అర్థమైంది, కాస్త ఎక్కువే అర్థమైంది. మర్నాడు పోయి చూస్తే తవుడు మంచిదైతే ఊక ఇంకా మంచిది కదా అని వరి ఊక కూడా కలుపుతోంది. "ఊక వద్దక్కా, అది పేగును గీరుతుంది. పని చెప్పమన్నా గాని, గొడ్డుచాకిరీ చేయించమన్నానా?" అని మామ ఆమె చేతిలోంచి చాట లాక్కున్నాడు. ఆ చాట కూడా సైకిలెక్కింది.

వరసగా ఎనిమిది రోజులు పొద్దున్నే పోయి మోకాళ్ళ మీద కూర్చుని కార్డులు చదివాడు. నన్ను కూడా కూర్చోబెట్టేవాడు. "ఇదంతా నీ మంచి తిండే" అనేవాడు. ఆ మాట నేనే ఆమెతో అన్నానని ఆయనకు మొదటి రోజే చెప్పేశాను. "పంచనామాలో నీ పేరు కూడా రాయాల్సింది" అని ఆ తరువాత బదిలీ అయి పోయేదాకా నన్ను ఏడిపిస్తూనే ఉన్నాడు. అయిదో రోజున ఆయన పుల్లతో తట్టి, తల ఎత్తి, పెళ్ళికొడుకులా నవ్వాడు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, నేరుగా కాఫీ హోటలుకు పోయి, గుమ్మంలో నిలబడి "గట్టిపడింది" అని అందరికీ వినపడేలా చెప్పాడు. దేని సంగతని ఎవరో అడిగారు. చెప్పాడు. ఆ పూట హోటల్లో ఎవరూ రెండో ఇడ్లీ అడగలేదు.

ఐదు పిల్లలూ తేరుకున్నాయి. మూడు నెలలకు ఒక్కోటి ఎత్తలేనంత అయ్యాయి. అప్పుడు వచ్చాడు కర్నూలు నుంచి ఆఫీసరు, జీపులో, రిజిస్టరుతో.

గుడిసె ముందు కుర్చీలు వేశారు. మునసబు కూర్చున్నాడు. అంకమ్మ ఎప్పటిలాగే గుడిసె వెనక్కి పోయింది. జీపు వస్తే ఆ ఇంటి ఆడవాళ్ళు వెనక్కే పోతారు. ఆఫీసరు పందుల్ని చూసి మెచ్చుకున్నాడు. లెక్కపెట్టాడు. రిజిస్టరు తిప్పాడు.

"ఆరు ఇచ్చాం. ఐదున్నాయి. ఆరోదాన్ని అమ్ముకున్నారా, తిన్నారా?"

కసిరినట్టు కూడా అనలేదు. ఎన్నోసార్లు అడిగి అరిగిపోయిన ప్రశ్నలా మామూలుగానే అడిగాడు. అంకమ్మ మొగుడు నేల చూస్తున్నాడు. నేను సంచిలో పంచనామా కోసం వెతుకుతుంటే, మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మునసబు కుర్చీలోంచి లేస్తున్నాడు.

"అయ్యా, అది తినలే, అమ్మలే. చచ్చిపోయింది. దాని కడుపు కోసినప్పుడు నేను ఈడనే నిలబడినా. లోపల వరిబువ్వ ఉండె. ఆ పూట వీళ్ళు తాగింది కొర్రగంజి. రెండూ నా కండ్లతో చూసినా. యాడైనా చెప్తా" అన్నాడు. చెప్పి, కండువా దులుపుకుని, అంకమ్మ మొగుడి వైపు చూడకుండా కూర్చున్నాడు. ఆఫీసరు కలం పట్టుకుని, "అయితే ఎందుకు చచ్చింది? ఎవరి నిర్లక్ష్యం?" అన్నాడు.

నాదని చెప్పాల్సింది. నోరు తెరిచే లోపు గుడిసె వెనక నుంచి అంకమ్మ వచ్చింది. కొంగు నడుముకు చుట్టుకుంటూ వచ్చి సరిగ్గా ఆఫీసరు ఎదురుగా నిలబడింది.

"అది నేనే చేసినా దొరా. తప్పు నాదే. తవుడంతా తీసేసి మెత్తటి బువ్వ పెట్టినా. దాని పేగు తట్టుకోలేకపాయ. నాకు తెలియలే. ఈ ఐదింటికి తవుడు కలిపి పెడ్తన్నా. చూడండి, ఎట్లున్నాయో."

ఆఫీసరు తల ఎత్తి ఆమెను చూశాడు. "ఎంత తవుడు?" అని అడిగాడు. ఆమె గుప్పిలి మూసి చూపించింది. ఆయన అది రాసుకున్నాడు. అంతే. ఆరోదాని గురించి ఇంకో ప్రశ్న వేయలేదు. జీపు వెళ్ళిపోయింది. కాంపౌండరుకు కోసే అధికారం ఎవరిచ్చారని నెల తరువాత ఒక మెమో వచ్చిందిగాని, దాన్ని మామ లెక్కచేయలేదు.

సాయంత్రం ఎండ తగ్గాక మేమిద్దరం సైకిళ్ళ మీద తిరిగొస్తున్నాం. ఎప్పుడూ ఊరుకోని మనిషి ఆ రోజు పలకడం లేదు. ఒంట్లో బాగాలేదేమోనని, ఆయన ప్రశ్నే ఆయన్ను అడిగాను. నవ్వలేదు. వాగు దగ్గర సైకిలు దిగిపోయాడు. నేనూ దిగాను.

"ఇన్నేండ్ల నుంచి ఈ తాలూకాలో తిరుగుతన్నా అల్లుడా" అన్నాడు. "ఖాకీ చొక్కా కనపడితే చాలు, ఆ ఇంటోళ్ళ నోట్లోంచి వచ్చే మాట ఒకటే. మేం చేయలేదు దొరా. నేను పందికి సూది వేసేదానికి పోయినా అదే మాట. మంచినీళ్ళు అడిగినా అదే మాట. వాళ్ళ తాత అదే అన్నాడు, నాయన అదే అన్నాడు. ఇంకో మాట అనేదానికి వాళ్ళకు ధైర్యం ఎవరిచ్చినారు? ఈరోజు ఆయమ్మ జీపు ముందర నిలబడి ఏమనింది, విన్నావా?"

"విన్నాను మామా."

"ఇంకోసారి చెప్పు. నా చెవులతో నేను సరిగ్గా విన్నానా అని."

"అది నేనే చేసినా దొరా, అనింది మామా" అన్నాను.